మన రాశిని మనం పొగడరాదు

మెచ్చుకోవడం మా ఆయనకు చేతకాదని ఉరవకొండలో చాలామంది అనుకుంటారు. పచ్చి అబద్ధం. బయ్యన్న కొడుకు అభిలాష్‌ను ఆయన మెచ్చుకున్నంతగా పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకును కూడా ఎవరూ మెచ్చుకుని ఉండరు. కన్నకొడుకు హేమంత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోటికి తాళం పడేది. పోయిన శ్రావణంలో ఆ నోరే పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, అన్నీ ఒక్కసారే పోయాయి. తాళంచెవి లోపలే పెట్టుకుని తలుపేసుకున్న మనిషిని ఏమని తిట్టాలో, ఎంతని ఏడవాలో నాకు తెలియడం లేదు.

మాది వేరుశనగ మిల్లు. మాది అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, మిషన్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. హేమంత్ పలక పట్టే వయసులోనే ఆగిపోయాయి. వానలు లేవు, పంట లేదు, మిల్లుకు కాయలు తెచ్చేవాడు లేడు. రైతులు బండ్లు తోలుకొచ్చి కాయలు పోసే కళ్లం బోసిపోయి పడి ఉండేది. దాన్ని చూస్తూ కూర్చోలేక మా ఆయన సున్నంతో గీతలు గీయించి, రెండు ఇనుప గుంజలు పాతించి నెట్టు కట్టించారు. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో ఎవరో లెక్చరర్ దగ్గర టెన్నిస్ నేర్చుకున్నారట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గోడకు తగిలించిన ఆ బ్యాటును చూసి, ఇంట్లో ఇంత పెద్ద జల్లిగంటె ఎందుకని మా అత్తగారిని అడిగాను. "దాన్నే అడుగు, మీ ఆయనకు మొదటి పెండ్లాం," అందావిడ.

ఆయన నేర్చుకున్నది పాతకాలపు ఆట. సర్వీసు కొట్టిన వెంటనే నెట్టు దగ్గరికి పరుగెత్తాలి. అవతలి నుంచి వచ్చే బంతిని నేల తాకకముందే గాలిలో అడ్డుకుని కొట్టాలి. దాన్ని వాలీ అంటారు. ఇప్పుడు అట్లా ఆడేవాళ్లు లేరట, అందరూ వెనక గీత దగ్గరే నిలబడి బాదుకుంటారట. మా కళ్లంలో మాత్రం ఇంకోలాగా ఆడే వీలు లేదు. నీళ్లు చల్లి నేలను చదును చేద్దామంటే తాగేదానికే ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊరు మాది. ఎండకు కళ్లమంతా బీటలు. బంతి బీటలో పడిందంటే ఎటు ఎగురుతుందో దాన్ని కొట్టినవాడికీ తెలియదు.

"బంతిని కింద పడనీయొద్దండిరా. ఈ నేలను నమ్ముకున్నోడు యాడ బాగుపడినాడు?" అనేవారాయన. ఆటగాడి మాట కాదది, శెనక్కాయల వ్యాపారి మాట.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇద్దరే. ఒకడు మా హేమంత్. రెండోవాడు అభిలాష్. వాళ్ల నాయన బయ్యన్నది విడపనకల్లు పక్క పల్లె, మిల్లు నడిచే రోజుల్లో ఏటా మాకే కాయలు తోలేవాడు. మిల్లు పోయినా స్నేహం పోలేదు. కొడుకును ఉరవకొండ కాలేజీలో చేర్పించినప్పుడు, "సావుకారీ, వీని మీద ఒక కన్నేసి పెట్టు," అని అప్పగించి పోయాడు. అభిలాష్ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, మా ఆయన బలవంతం మీద బ్యాటు పట్టుకున్నాడు. అంతే. పట్టుకోవడం ఆ రోజే నేర్చుకున్నాడు, ఆడడం మాత్రం పుట్టుకతోనే వచ్చినట్టుంది.

నాకు ఆట తెలియదు. కానీ ముప్పై ఏళ్లు వంట చేసిన దానికి చేతివాటం అంటే ఏమిటో తెలుసు. కొందరు ఎన్ని చిట్కాలు చదివినా దోసె పెనానికే అంటుకుంటుంది. కొందరు ఊరికే అట్లా పోస్తే చాలు, లేచి వస్తుంది. అభిలాష్ చెయ్యి అలాంటిది. ఎంత వేగంగా వచ్చిన బంతి అయినా వాడి బ్యాటు తగలగానే సద్దుమణిగి నెట్టు అవతల మెత్తగా రాలేది. ఒక చేత్తో ఆడుతూ, ఇంకో చేత్తో జేబులోంచి శనక్కాయలు తీసి నములుతుండేవాడు.

"సూడరా హేమంతా, వాని మణికట్టు సూడు! దేవుడు ఇచ్చింది అది. అబ్బబ్బ, ఏం చెయ్యప్పా అది!" అని మా ఆయన వీధికంతా వినబడేలా అరిచేవారు. మరి హేమంత్ కొట్టినప్పుడో? "కాలు ముందరికి పడలే." "బంతి ఎత్తేది అట్ల కాదు." "మళ్లా కొట్టు."

వాడు మళ్లీ కొట్టేవాడు. సర్వీసు ఒంటరిగా నేర్చుకోదగిన విద్య. ఎదుట మనిషి అక్కర్లేదు, బుట్టెడు బంతులూ ఓపికా ఉంటే చాలు. హేమంత్ కోడి కూయకముందే లేచి కళ్లంలోకి పోయేవాడు. నేను ముగ్గు వేస్తుంటే ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. కొట్టడం, పోయి బంతులు ఏరుకోవడం, వచ్చి మళ్లీ కొట్టడం. సర్వీసులో అభిలాష్‌ను మించిపోయాడు. వాలీ మాత్రం అంత సులువుగా లొంగలేదు. దానికోసం మిల్లు గోడకు బంతి కొట్టుకుని, తిరిగొచ్చిన బంతిని నేల తాకనీకుండా ఆపుతూ గంటలు గంటలు గడిపేవాడు. ఆ గోడకు సున్నం రాలి ఇప్పటికీ పెద్ద మచ్చ ఉంది. బంధువులు వచ్చినప్పుడు దాన్ని చూసి గోడకు చెమ్మ పట్టిందా అని అడుగుతారు. అనంతపురం జిల్లాలో గోడకు చెమ్మ!

వాడికి కప్పులూ వద్దు, పతకాలూ వద్దు. నాయన నోటినుంచి ఒక్క మాట కావాలి. బాగా ఆడినావురా అని. ఆ సంగతి వాడు నాకు చెప్పలేదు. చెప్పాలా? కొట్టిన ప్రతిసారీ బంతి ఎక్కడ పడిందో చూడకుండా నాయన ముఖం వైపు చూసేవాడు.

నేను ఒక రోజు అన్నం వడ్డిస్తూ మా ఆయనను గట్టిగానే అడిగాను. "కూరలో ఉప్పు చాల్లేదని చెప్పేకి వచ్చే నోరు, బిడ్డను ఒక్క మాట మెచ్చుకుంటే అరిగిపోతాదా?"

ఆయన నమలడం ఆపి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "మన కళ్లంలో రాశిని మనమే పొగుడుకుంటామా, సుశీలా?"

మా వ్యాపారంలో అదొక కట్టుబాటు. కళ్లంలో కాయలు రాశి పోసినాక, అది ఎంత బాగున్నా ఎవరూ నోరు తెరిచి అనకూడదు. అంటే రాశి తరుగుతుంది. దారినపోయేవాడు ఎవడైనా, "ఏం రాశప్పా!" అన్నాడంటే మా మామగారు వెంటనే పాత చెప్పు తెచ్చి రాశి మీద పెట్టేవారు. పొగడాలంటే పక్కవాడి రాశిని పొగడాలి. మనదాన్ని, మనం దక్కించుకోవాలనుకున్నదాన్ని, తాలు ఉందనాలి, తేమ ఉందనాలి. రైతులూ అంతే, వ్యాపారులూ అంతే.

"రాశీ బిడ్డా ఒకటేనా?" అన్నాను.

"బిడ్డ ఎక్కువ. అందుకే," అన్నారాయన.

నేనూ ఆ తాను ముక్కనే. వాడు ఉయ్యాలలో ఉన్నప్పుడు అరికాలికి కాటుక చుక్క పెట్టనిదే చుట్టాలకు చూపించని దాన్ని నేను.

ఆ ఏడు అనంతపురంలో జిల్లా పోటీలు జరిగాయి. ఫైనల్‌కు వచ్చింది మా కళ్లం పిల్లలిద్దరే. గెలిచినవాడు రాష్ట్రం జట్టుకు పోతాడన్నారు. మా ఆయనా నేనూ పోయి ఎండలో సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. అక్కడి నేల సిమెంటు నేల, బీటలు లేవు. అయినా ఇద్దరూ సర్వీసు కొట్టడం, నెట్టు దగ్గరికి ఉరకడం. చూసేవాళ్లు ఎక్కడి పాతకాలం ఆటప్పా ఇది అని నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు.

మొదట అభిలాష్‌దే పైచెయ్యి. తరువాత వాడి సర్వీసు తడబడింది. ఎప్పుడైనా సాధన చేసి ఉంటే కదా! ఇటు హేమంత్ సర్వీసు చివరిదాకా మొదట్లో ఎట్లా పడిందో అట్లాగే పడింది. ఆఖరు పాయింటుకు హేమంత్ నెట్టు దగ్గరికి ఉరుకుతుంటే అభిలాష్ బంతిని వాడి కాళ్ల దగ్గరికి కొట్టాడు. హేమంత్ మోకాళ్ల మీదికి వంగి, బంతి నేల తాకేలోపు బ్యాటును దాని కిందికి పెట్టాడు. బంతి మెత్తగా లేచి, నెట్టు దాటి, అవతల వత్తి ఆరిపోయినట్టు ఆగిపోయింది. ముమ్మూర్తులా అభిలాష్ కొట్టే దెబ్బ. గోడ నేర్పిన దెబ్బ.

అప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అంతమందిలో! పెళ్లినాడు పట్టుకున్నదే, మళ్లీ జనం మధ్య ఎప్పుడూ పట్టుకోలేదు. నా గాజులు ఒత్తుకుపోయేంత గట్టిగా పట్టుకున్నారు. కళ్ల నిండా నీళ్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇవాళ అంటారు, అనక చస్తారా అనుకున్నాను.

ఆయన లేచి, కళ్లు తుడుచుకుని, కోర్టులోకి దిగి నేరుగా అభిలాష్ దగ్గరికి పోయారు. వాడి వీపు తట్టి, "ఏం ఆట ఆడినావప్పా! నీ అట్లాంటి చెయ్యి జిల్లాలో ఇంకోనికి లేదు!" అన్నారు. అందరూ విన్నారు. పక్కనే కప్పు పట్టుకుని నిలబడిన హేమంత్ వైపు తిరిగి, "రెండో సర్వీసు మెత్తగా పడతాండాది. రేపట్నించి అది సూసుకో," అన్నారు.

అప్పుడు వాడి ముఖం నేను చూశాను. ఓడిపోయినవాడి ముఖం కూడా అట్లా ఉండదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఉరవకొండ చేరేదాకా వాడు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

దీపాలు పెట్టే వేళకు వాడు చాప మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. నేను పెరట్లోంచి వచ్చేసరికి మా ఆయన వాడి బూట్లకు అంటిన మట్టిని గోకి, ఉప్పూ ఎండుమిరపకాయలూ కలిపి పిడికిట పట్టుకుని, వాడి మీద మూడుసార్లు తిప్పుతున్నారు. దిష్టి తీయడం ఆడవాళ్ల పని. ఆయన ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు. పెరట్లోకి పోయి నిప్పుల్లో వేశారు. మిరపకాయలు మాడినా ఘాటు రాలేదు.

"సూసినావా, దగ్గే రాలే. ఎంత దిష్టి తగిలింటాదో," అన్నారు. "వానికి చెప్పాకు. చెప్తే తీసింది మళ్లా తగుల్తాది."

ఆ మాట మీద నిలబడి వాడికి చెప్పలేదు. తీసిన దిష్టి చెప్పకూడదనే నన్నూ పెంచారు మరి.

మరునాటి నుంచి హేమంత్ రెండో సర్వీసు మీద పడ్డాడు. నాయన ఎత్తి చూపిన ఆ ఒక్క తప్పూ దిద్దుకుంటే ఇంక అనక తప్పదని వాడి ఆశ. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు పెనంలా కాలుతున్నప్పుడు కూడా కొట్టాడు. భుజం నొప్పి అంటే నేను జండూబామ్ రాశాను. వద్దులేరా అంటే, "ఇంగొంచెం ఉండాదమ్మా, వచ్చేస్తాది," అనేవాడు. ఒక పొద్దున ముగ్గు వేస్తూ ఉంటే కళ్లంలో చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పోయి చూస్తే వాడు భుజం పట్టుకుని గీత మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం కూడా లేదు. బెంగళూరు డాక్టరు భుజం లోపల నరం తెగిందన్నాడు, కోసి కుట్టాడు, చెయ్యి పైకెత్తి కొట్టే ఆట ఇక ఈ జన్మకు వద్దన్నాడు. రాష్ట్రం జట్టు వాడు లేకుండానే పోయింది.

మా ఆయన మిల్లు అరుగు మీద కూర్చుని గుండెలు బాదుకున్నారు. "నా వల్లే పోయిందే. ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకుంటిని సూడు, జనమంతా సూసినారు. నా మనసులో ఏముండాదో బయటపడిపోయింది. రాశి మీద కన్ను పడింది."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. జన్మకొకసారి బయటపెట్టిన ప్రేమను కూడా తప్పని లెక్కేసుకునే మనిషితో ఏమని వాదిస్తాం?

హేమంత్ ఊళ్లోనే డ్రిప్పు పైపుల అంగడి పెట్టుకున్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీకొడుకులు అన్నానికీ మందులకూ తప్ప మాట్లాడుకోలేదు. అభిలాష్ కూడా ఆ ఫైనల్ తర్వాత బ్యాటు ముట్టలేదు. విడపనకల్లు వైపు గాలిమరల కంపెనీలో జీపు డ్రైవరుగా చేరాడు. అంత చెయ్యి స్టీరింగు తిప్పుకుంటూ పోయిందే అని మా ఆయన బాధపడేవారు. కష్టపడినవాడి భుజం పోయింది, వరమున్నవాడి మనసు పోయింది. కళ్లంలో నెట్టు ఎండకు పీలికలైంది.

మా ఆయన పడిపోయిన సంగతి తెలిసి అభిలాష్ పోయిన వారం చూడడానికి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. ఆయన కుర్చీ పక్కన కూర్చుని చేతులు ఒత్తి, పాత సంగతులు చెప్పి నవ్వించబోయాడు. ఆయన ఎడమ కంటినుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తర్వాత అరుగు మీద కాఫీ తాగుతూ హేమంత్ అన్నాడు, "నువ్వు వస్తే నాయన ముఖంలో వెలుగొచ్చింది. ఎంతైనా నువ్వంటేనే ఇష్టంరా ఆయనకు."

అభిలాష్ గ్లాసు కింద పెట్టాడు. "నిజంగా నీకు తెల్దా?" అన్నాడు. "నేను రైతు బిడ్డను కదన్నా. మా నాయన కళ్లంలో నోరారా పొగిడినాడంటే అది పక్కోని రాశే. సార్ నన్ను పొగిడినప్పుడంతా నాకు అదే గుర్తొచ్చేది. ఆ పొద్దు ఓడిపోయి నిలబడింటే వచ్చి అందరి ముందర పొగిడినాడు. ఒక్కసారన్నా నన్ను తిట్టి, రేపట్నించి ఇది సూసుకోరా అనింటే మళ్లా వచ్చుందును. నేను ఆయనకు పరాయోన్ని అని ఆ పొద్దే తెలిసిపోయింది. నువ్వు ఆయన రాశి."

హేమంత్ నా వైపు చూశాడు. ఇంక దాచడానికి ఏం మిగిలిందని? అన్నీ చెప్పాను. ఉప్పూ మిరపకాయలూ, బూట్ల మట్టి, నా చెయ్యి పట్టుకోవడం, గుండెలు బాదుకోవడం. మిల్లు ఆగిపోయినాక పెరిగిన బిడ్డ, రాశి ముఖం చూసి ఎరగడు, వాడికెట్లా తెలుస్తుంది? తరుగుతుందని దాచిపెట్టిన రాశి గాదెలోనే పురుగు పట్టిపోయిందని అప్పుడు నాకు అర్థమైంది.

వాడు లేచి పోయి, మిల్లు నీడలో చక్రాల కుర్చీలో ఉన్న నాయన ముందు కళ్లం మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాయనా, మాట రాకపోతే తల ఊపినా చాలు. ఆ పొద్దు నేను బాగా ఆడినానా?"

ఆయన తల ఊపగలరు. ఆకలా అంటే ఊపుతారు, నీళ్లా అంటే ఊపుతారు. ఊపలేదు. అభిలాష్ ఉన్నాడు, నేనున్నాను, గేటు అవతల దారినపోయే మనుషులున్నారు. ఆ కళ్లు బెదురుగా ఒక్కొక్కరి మీదా తిరిగాయి. తర్వాత కుర్చీలోంచి ఎడమ పక్కకు ఒరిగి, వేళ్లతో హేమంత్ మోకాలి దగ్గరి మట్టి గోకి పిడికిలి పట్టారు. ఆ ఎడమ చెయ్యి ఎత్తి వాడి ముఖం ముందు తిప్పడం మొదలుపెట్టారు.

"తల ఊపు నాయనా," అన్నాడు హేమంత్. "ఒక్కసారి."

ఆయన తిప్పుతూనే ఉన్నారు. వాడు కాసేపు చూసి, ఆ చెయ్యి అందడం లేదని తల వంచి దగ్గరికి జరిగాడు. మూడో చుట్టు తిరిగేసరికి పిడికిట్లో మట్టి మిగల్లేదు. అంతా వాడి జుట్టులోనే రాలిపోయింది. ఆయన ఉత్త చేతినే తిప్పుతున్నారు.

నాకు ఉండబట్టలేదు. పోయి వాడి పక్కన కూలబడి, వాడి పాడైన భుజం పట్టుకుని, "బాగా ఆడినావు నాయనా, శానా బాగా ఆడినావు," అన్నాను.

"నీకు ఆట తెల్దు కదమ్మా," అన్నాడు వాడు, వంచిన తల ఎత్తకుండానే.